నలభై డజన్లు పెరిగినయి

2024 ఆషాఢం. చార్మినార్ దగ్గర ఒక గాజుల హోల్‌సేల్ దుకాణం. పై అంతస్తులో అట్టపెట్టెల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. తలమీద ఫ్యాన్ ఉంది కానీ వేయలేదు. వేస్తే చీటీలు ఎగిరి ఏ పెట్టెలో ఏ గాజులున్నాయో తెలియకుండా పోతుందట. చెమట తుడుచుకుంటూ లాప్‌టాప్ తెరిచాను.

నా ఉద్యోగాన్ని మా కంపెనీలో ఆన్‌బోర్డింగ్ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎలా వాడాలో చూపించి, వాళ్లకు అలవాటయ్యేదాకా వెంట ఉండటం. మా అమ్మ దీన్ని కొత్త కోడల్ని అత్తగారింట్లో దిగబెట్టి వచ్చే పని అంటుంది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను. కోడలు మంచిదే, అత్తగారిల్లూ మంచిదే, అయినా మొదటి నెల ఎవరో ఒకరు ఏడుస్తారు.

మాది టీమ్ కొలాబరేషన్ యాప్. కలిసి పనిచేసే మనుషులు వేర్వేరు చోట్ల ఉన్నా, ఎవరు ఏం చేశారు, ఏ పని ఎక్కడిదాకా వచ్చింది అన్నది అందరికీ ఒకే తెర మీద కనిపిస్తుంది. ఆ తెరను బోర్డు అంటాం. ఐటీ ఆఫీసుల్లో ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. దుకాణాలకు, చిన్న కార్ఖానాలకు కూడా తెలుగులో ఇవ్వాలని మావాళ్లకు కోరిక పుట్టింది. మాదాపూర్‌లో ఏసీ గదిలో పుట్టిన కోరిక అది. నేను పుట్టింది ఫలక్‌నుమాలో. నాన్న రైల్వేలో చేసేవాడు. మీటింగ్‌లో పాతబస్తీ అన్న మాట వినపడితే చాలు, అన్ని తలకాయలూ నావైపు తిరుగుతాయి.

దుకాణం యజమాని నారాయణ సేటు. తాతల నాటి వ్యాపారం. అమ్మకం చార్మినార్ దగ్గర, సరుకు నిల్వ ఛత్రినాకలోని గోదాంలో. లక్క గాజులకు రాళ్లు అతికే పని ఫలక్‌నుమాలో ఇబ్రహీం భాయ్ కార్ఖానాలో. ఈ మూడు చోట్ల మధ్యా అంతవరకూ వ్యవహారమంతా ఫోన్ మీదే నడిచింది. యాప్ తెద్దామన్నది సేటు కోడలు మానస. సికింద్రాబాద్ పిల్ల, ఎంబీఏ చదివింది. దుకాణం కౌంటర్ ఆమే చూసుకుంటుంది.

సేటు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

"బిడ్డా, దీంట్ల ఒర్రొచ్చా?"

ఫోన్‌లో అరిచి అరిచి పని చేయించుకున్న మనిషి. అరవడానికి బటన్ లేదు సేటు అన్నాను. ఆయనకు యాప్ మీద సగం నమ్మకం అక్కడే పోయింది.

కొత్త యాప్‌ని జనం మొదట ఎలా వాడతారన్నది మా వృత్తిలో పెద్ద చదువు. సేటు రోజూ పొద్దున్నే బోర్డు మీద ఒక దేవుడి బొమ్మ, కింద శుభోదయం పెట్టేవాడు. యాప్ దాన్ని కొత్త పని అనుకుని, దీన్ని ఎవరికి అప్పగించాలి అని అడిగేది. ఒకరోజు మానస విసుగొచ్చి దాన్ని ఇబ్రహీం భాయ్‌కి అప్పగించింది. ఆయన చదివి, నిమ్మళంగా 'డన్' అని నొక్కాడు.

ఇబ్రహీం భాయ్‌ది ఇంకో తీరు. సరుకు ఎప్పుడు పంపారంటే ప్రతిసారీ "పర్సోం భేజ్ దియే" అనేవాడు. మా దగ్గర పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, ఆయన పెళ్లయిన కొత్తలో కూడా కావచ్చు. యాప్ పాపం ప్రతిసారీ సరిగ్గా రెండు రోజులు వెనక్కి వెళ్లి తేదీ వేసేది.

ఇక గోదాంలో సరోజమ్మ. సేటు తండ్రి ఉన్న రోజుల నుంచీ అక్కడే పనిచేస్తోంది. ఇల్లు ఛత్రినాకలోనే, గోదాంకి రెండు సందుల అవతల. సరుకు దించుకోవడం, కట్టలు విప్పి సైజుల వారీగా సర్దడం, అడిగినవి పంపడం అంతా ఆమే. చదవడం కూడబలుక్కుని వచ్చు, రాయడం ఇష్టం లేదు. యాప్ చూపించిన రోజు ఆమె కళ్లు తెర మూలన ఉన్న ఎర్ర చుక్క మీదే ఉండిపోయాయి. చూడని మెసేజ్ ఉందని చెప్పే గుర్తు అది.

"ఈ సుక్క ఏందమ్మా? ఊకె నన్నే చూస్తున్నట్టున్నది."

"నువ్వు చూస్తే అది పోతదమ్మా."

"నేను చూడకపోతే?"

"ఉంటది."

"గట్లయితే అది మా అత్త లెక్క" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆమెను గెలిచింది వాయిస్ నోట్. బటన్ నొక్కి మాట్లాడితే చాలు. యాప్ ఆ మాటల్ని అక్షరాలుగా మార్చి, ఏ రంగు, ఏ సైజు, ఎన్ని డజన్లు, వచ్చాయా వెళ్లాయా అన్నది తానే ఏరుకుని బోర్డు మీద నింపుతుంది. మావాళ్లు దీన్ని స్మార్ట్ అప్‌డేట్ అని పిలిచి తెగ మురిసిపోతుంటారు. సరోజమ్మ ఒకసారి మాట్లాడింది. తెర మీద తన లెక్క తయారుగా కనపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా ఇంటాయన ఇన్నేండ్లల్ల నా మాట ఒక్కటి ఇనలే. గీ మిషను నయముంది."

ఆ రోజు నుంచి ఆమెకు పట్టపగ్గాల్లేవు. ప్రతి నోట్ "సరోజను మాట్లాడుతున్న" అని మొదలయ్యేది. సాయంత్రం గోదాంకి తాళం వేశాక ఆఖరి నోట్ "పోయొస్త" అని ముగిసేది. ఎవరికి చెబుతున్నావమ్మా, అది మిషన్ కదా అంటే, "అటు దిక్కు దుకాణంల ఎవరో ఒగరు ఉంటరు కద" అనేది. ఎవరు ఎంత వాడుతున్నారో చూపించే మా రిపోర్టులో ఆమె పేరు అందరికంటే పైన ఉండేది. ఆఫీసులో ఆ రిపోర్టు చూపించి నేనూ కొంచెం తల ఎగరేశాను.

బోనాలు అయ్యాయి. శ్రావణం వచ్చింది. గాజుల దుకాణాలకు ఊపిరాడని నెల. అప్పుడొక పొద్దున మానస ఫోన్ చేసింది.

"అక్కా, మీ యాప్ తీసేయమంటున్నరు మామయ్య. అది పోతే పోనీ, దాని ఫికర్ లేదు. సరోజమ్మ తాళాలు కౌంటర్ మీద పెట్టి పోయింది. పోయొస్త అనలే అక్కా. పోతున్న అన్నది."

నేను సంచి సర్దుకుని హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. అది ఫలక్‌నుమా చేరేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది. మన ఇళ్లలో కూరగాయలకు వెళ్లే మనిషి కూడా పోతున్న అనదు. పోయొస్త అంటుంది. తిరిగి రానివాళ్ల మాట అది, నోట రానివ్వరు. అలాంటిది సరోజమ్మ అందంటే కావాలనే అంది.

దుకాణానికి చేరాక మానస జరిగింది చెప్పింది.

నాలుగు రోజుల కిందట ఒకావిడ వచ్చింది. కూతురి శ్రీమంతం ఉంది. వచ్చిన ముత్తైదువలందరికీ పంచడానికి ఆకుపచ్చ గాజులు కావాలి, రెండు-ఆరు సైజు, నలభై డజన్లు. గాజుల కొలతలు అలాగే చెబుతారు, రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని. ఎక్కువమంది చేతులకు పట్టేది రెండు-ఆరు. మానస బోర్డు చూసింది. అంతకుముందు రోజే ఆకుపచ్చ రెండు-ఆరు నలభై డజన్లు గోదాంలో కొత్తగా చేరినట్టు పచ్చగా మెరుస్తోంది. పక్కన 'యాడెడ్', దాని పక్కన 'సరోజ'. కావలసినన్ని వాటంతట అవే వచ్చి కూర్చున్నట్టు ఉంది. శుక్రవారం తీసుకెళ్లండి అని మాట ఇచ్చేసింది.

నేను వెళ్లడానికి ముందు రోజు, అన్నట్టే శుక్రవారం, ఆవిడ మళ్లీ వచ్చింది. గోదాంకి ఫోన్ చేస్తే ఆకుపచ్చ రెండు-ఆరు ఒక్క డజను కూడా లేవంది సరోజమ్మ. బోర్డు మీద ఉన్నాయంటే, అదెట్లా అంటూ తానే ఆటోలో బయలుదేరి వచ్చింది. చేతిలో గోనెసంచి. సంచి నిండా ఆకుపచ్చ ముక్కలు.

"ఇగో, ఇవే సేటు. నేను ఆ దినమే చెప్పిన."

కౌంటర్ నిండా జనం. శ్రీమంతం తాలూకు ఆవిడ అప్పటికే గొంతు లేపింది. "మాటిచ్చి ఇప్పుడు లేవంటరా? శ్రీమంతానికి గాజులు లేవని చెప్పి పంపుతరా మమ్మల్ని?" సేటు బోర్డు వైపు చూశాడు. యాడెడ్, సరోజ. సంచి వైపు చూశాడు.

"పలగ్గొట్టి దాచిపెట్టి, వచ్చినయని ఎక్కించినవా సరోజా?"

తాను ఈ ఇంటికి వచ్చాక ఆ దుకాణంలో గాజుల గురించి 'పలగ్గొట్టి' అన్న మాట వినడం అదే మొదటిసారని మానస చెప్పింది. సరోజమ్మ ఒక్కటే అంది. "నేను చెప్పింది మిషన్ల ఉన్నది. ఇనుకో." సేటు వినలేదు. కోపంలో ఉన్న మనిషి ఏం వింటాడు? ఆమె తాళాలు కౌంటర్ మీద పెట్టింది. "పోతున్న సేటు" అని మెట్లు దిగింది.

శ్రీమంతానికి మాత్రం లోటు రానివ్వలేదు సేటు. ఆ సాయంత్రమే చుట్టుపక్కల దుకాణాలన్నీ తానే తిరిగాడు. రోజూ బేరాల దగ్గర పోట్లాడుకునే పక్క దుకాణం ఆయన కూడా శ్రీమంతం అనగానే పెట్టెలు దించాడట. ఆకుపచ్చలో రెండు రకాలు కలిశాయి కానీ లెక్క సరిపోయింది. ఆ గొడవ అలా తీరింది. తీరనిది సరోజమ్మది. చేతిలో సరుకు పాడు చేసి, దొంగలెక్క రాసిందని నలుగురి ముందు పడ్డ మాట.

నేను మానస ఫోన్ తీసుకున్నాను. బోర్డు మీద కనిపించేది యాప్ ఏరుకున్న సారాంశం మాత్రమే. అసలు గొంతు దాని వెనక ఉంటుంది, సోర్స్ అన్న చిన్న బాణం గుర్తు నొక్కితే వినపడుతుంది. శిక్షణలో చూపిస్తాం. ఎవరికీ గుర్తుండదు. కౌంటర్ మీద ఇరవై చేతులు గాజుల కోసం చాచి ఉన్నప్పుడు మిల్లీమీటరు బాణం ఎవరికి కనపడుతుంది?

సేటు గల్లా దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను బాణం నొక్కి శబ్దం పెంచాను.

"సరోజను మాట్లాడుతున్న. అమ్మా మానసా... ప్చ్... ఆటోల నుంచి దించుతుంటే పెట్టె జారిందమ్మా. ఆకుపచ్చయి, రెండు-ఆరు, నలభై డజన్లు పెరిగినయి. ఒక్కటి మిగల్లే. సేటుకు జర నిమ్మలంగ చెప్పు బిడ్డా. శ్రావణం ముంగట ఆయన పానం ఉసూరుమంటది. ఉంటా మరి."

సేటు మెల్లిగా ఇటు తిరిగాడు.

"పెరిగినయి అన్నది కదనే" అన్నాడు కోడలితో. "సక్కగనే చెప్పింది కద."

తెలియనివాళ్లుంటే చెబుతాను. చేతి గాజు పగిలితే మన ఆడవాళ్లు పగిలింది అనరు. పెరిగింది అంటారు. పుస్తెల తాడు తెగితే తెగింది అనరు, అదీ పెరిగిందే. కీడు మాట నోటితో అంటే కీడు జరుగుతుందన్న భయం కొంత, ఎదుటి మనిషి మనసు కలుక్కుమనకూడదన్న మర్యాద కొంత. చిన్నప్పుడు ఆడుతూ నేను గాజు పగలగొట్టుకుంటే మా అమ్మ కూడా 'పెరిగిందా?' అనే అడిగేది. ఆ వెంటనే వీపు మీద ఒకటి పడేది, అది వేరే సంగతి.

యాప్ మాత్రం ప్రతి మాటనూ సరిగ్గా విన్నది. ఆటో వచ్చింది. పెట్టె దించారు. నలభై డజన్లు పెరిగాయి. పాపం, తనకు తెలిసిన తెలుగులో లెక్క కలిపి పచ్చరంగు వేసింది. ఒక్కటి మిగల్లేదు అన్న ముక్క తనకు పొసగక వదిలేసింది. ఆ 'ప్చ్' తన లెక్కలోకే రాలేదు.

మానస ఏడుపు ఆపుకుంటూ అంది. "నోటితోని చెప్పి ఉంటే నాకు తెలిసేది మామయ్యా. మా అమ్మ కూడ గట్లనే అంటది. నేను బోర్డు చూసిన. లెక్క పక్కన యాడెడ్ అని ఉంటే..."

"నీ తప్పు లేదు బిడ్డా" అన్నాడు సేటు. తర్వాత నావైపు తిరిగాడు. "ఏందమ్మా, నీ యాప్‌కు తెలుగు రాదా?"

"తెలుగు వచ్చు సేటు. ఇంటి తెలుగు రాదు."

నాకు మా ఆఫీసు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అక్కడికక్కడే కార్తీక్‌కి ఫోన్ చేశాను. యాప్‌లో మాటల్ని అర్థం చేసుకునే భాగం చూసేది అతనే. నల్గొండ పిల్లాడు, బుద్ధిమంతుడు, కానీ ప్రతి సమస్యా వాడేవాళ్లదేనని మొదలుపెడతాడు.

"మేడమ్, డ్యామేజ్ అనో పగిలాయి అనో చెప్పొచ్చు కదా. యూజర్ అపోజిట్ మాట వాడితే సిస్టమ్ ఏం చేస్తది?"

"కార్తీక్, మీ అమ్మ చేతి గాజు పగిలితే ఏమంటది?"

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"పెరిగింది అంటది" అన్నాడు చివరికి. "అబ్బ. నిజమే మేడమ్. నాకు తట్టనే లేదు."

"నీకు తట్టలే, నాకు తట్టలే. అక్కడొక మనిషి దొంగ అనిపించుకుని పోయింది."

సేటు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. కౌంటర్ మీది తాళాల గుత్తి జేబులో వేసుకుని, "నువ్వు కూడ రా బిడ్డా, నీ యాప్ పట్టుకొని" అన్నాడు. ఆటోలో ఛత్రినాకకు వెళ్లాం. సందుల్లో బోనాలకు కట్టిన వేపమండల తోరణాలు ఎండిపోయి ఇంకా వేలాడుతున్నాయి. దారంతా సేటు జేబులోని తాళాల గుత్తిని తడుముకుంటూనే కూర్చున్నాడు. రోజంతా ఒర్రే మనిషి అలా ఉంటే నాకే భయమేసింది.

సరోజమ్మ గడప దగ్గర చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"రా సేటు, కూసో" అంది. ముఖం మాత్రం మావైపు తిప్పలేదు.

సేటు కూర్చోలేదు. "తాళాలు తెచ్చిన" అన్నాడు.

"నాకెందుకు?"

"నువ్వు చెప్పింది ఇయాల ఇన్న సరోజా. ఆ దినం ఇనలే. నిన్న నువ్వు ఇనుకో అన్నా ఇనలే."

ఆమె మళ్లీ కూర్చుని చాటలో వేళ్లు ఆడించింది. "గాజులు పెరుగుడు కొత్త కాదు సేటు. దించుతుంటే పెరుగుతయి, కడుతుంటే పెరుగుతయి. దానికి పెద్ద సేటు గాని నువ్వు గాని నన్నెన్నడు ఏమనలే. మొన్న చెప్పినంక నాలుగు దినాలు నువ్వు పల్లెత్తు మాట అనకపోతే, తెలిసి కూడ ఊకున్నడు, మా సేటు మంచోడు అనుకున్న." బియ్యంలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "అందరి ముంగట నన్ను అబద్ధాల మనిషిని చేసినవు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె ఆయన్ని మనసులో మెచ్చుకుంటూ తిరిగిందన్న సంగతే నన్ను ఎక్కువ కష్టపెట్టింది.

"చేసిన" అన్నాడు సేటు. "తప్పయింది. మస్తు తప్పయింది."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోపం పూర్తిగా పోలేదు, పోవలసిన పని కూడా లేదు. ఈసారి నన్ను చూసింది.

"ఆ బోర్డు మీద నా పేరు పక్కన గట్లనే ఉన్నదా ఇంకా?"

"ఉన్నదమ్మా."

"తీసెయ్యి."

అక్కడ నేను ఇరుక్కున్నాను. మా యాప్‌లో యాక్టివిటీ లాగ్ అని ఒకటి ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం ఎక్కించారో చూపే చిట్టా. ఒకసారి పడింది యజమాని కూడా చెరపలేడు. అందుకే మోసానికి తావులేదని ప్రతి దుకాణంలో గొప్పగా చెప్పుకుంటాను. ఆ గొప్పే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

"తీసేసుడు నా చేతిల లేదమ్మా. కాని దాని కింద రాయొచ్చు. రాసింది కూడ అట్లనే ఉంటది, ఎవ్వరు తీయలేరు."

"నేను రాస్త" అన్నాడు సేటు. నా ఫోన్ అందుకుని, కళ్లద్దాలు నుదుటి మీది నుంచి కిందికి లాగాడు. ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ. రెండు-ఆరు. నలభై డజన్లు. అక్కడ వేలు ఆగిపోయింది. నిన్న నలుగురి ముందు నోరు జారి అన్న మాట ఇప్పుడు ఆయన వేలికి రావడం లేదు.

"ఏం రాయాలె బిడ్డా? ప..."

"ఆ మాట నా పేరు కింద రాయకు సేటు" అంది సరోజమ్మ వెంటనే. "శ్రావణమాసం."

సేటు తల ఊపి, పెరిగినయి అని కొట్టాడు.

"మరి చదివేటోళ్లకు తెల్వాలె కద సేటు? మళ్ల ఎవరన్న కలుపుకుంటరు" అన్నాను. నా ఉద్యోగ ధర్మం నాది.

ఆయన కాసేపు ఆలోచించి ఇంకా కొట్టాడు. చెమట కారుతోంది. ఆ నాలుగు వాక్యాలు కొట్టడానికి ఆయన పడ్డ యాతన చూస్తే, యాప్ తీసుకున్న నాటి నుంచీ శుభోదయాలు తప్ప ఇంకేమీ ఎందుకు పెట్టలేదో అర్థమైంది. అయ్యాక ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"ఆకుపచ్చ రెండు-ఆరు నలభై డజన్లు పెరిగినయి. లెక్కల కెళ్లి తీసెయ్యాలె. సరోజ ఆ దినమే చెప్పింది. మేము... ఇన... లేదు."

ఆఖరి రెండు మాటలు ఇంకోసారి చదివింది. తర్వాత చాట పక్కకు జరిపి చెయ్యి చాచింది. సేటు తాళాల గుత్తి ఆ చేతిలో పెట్టాడు.

"కూసోండి. చాయ్ పెడత" అంది. అప్పుడు కూర్చున్నాడు ఆయన.

ఆ తర్వాత రెండు రోజులు నేను చేసిన పని ఒక్కటే. అప్పటిదాకా వాళ్లు పెట్టిన వాయిస్ నోట్లన్నీ చెవులతో వినడం. సరోజమ్మ ఒకచోట "మెరూన్ రెండు-నాలుగు నిండుకున్నయమ్మా" అంది. అయిపోయాయని. ఇంట్లో బియ్యం అయిపోతే అనే మాటే అది. బోర్డు మీద మెరూన్ పక్కన 'ఫుల్' అని ఉంది. అందుకే మానస వాటిని తెప్పించలేదు, గోదాంలో సరోజమ్మ అవి ఎందుకు రావడం లేదని ఎదురుచూస్తూ కూర్చుంది. ఇబ్రహీం భాయ్ ఒక సాయంత్రం "కార్ఖానా బఢా దియే" అన్నాడు. అంటే ఆ రోజుకి మూసేశామని. దుకాణం మూశాం అనడానికి ఉర్దూలోనూ నోరు రాదు, పెంచాం అంటారు. మా యాప్ దానికి అభినందనలు చెప్పి, తెర నిండా రంగు కాగితాలు చల్లింది. ఇది వినిపిస్తే ఇబ్రహీం భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చలో, కిసీ నే తో ముబారక్‌బాద్ దీ" అన్నాడు, పోనీలే ఒక్కరైనా అభినందించారని.

కార్తీక్ నిజంగానే కష్టపడ్డాడు. ఇప్పుడు యాప్‌లో ఇలాంటి మాట వస్తే అది తనంత తాను లెక్కలో కలపదు. కలపాలా, తీసేయాలా అని ముందు అడుగుతుంది. బాణం వెనక దాగిన గొంతు ఇప్పుడు సారాంశం పైనే, పెద్ద బటన్‌గా ఉంటుంది. ఈ దుకాణానికి మాత్రం ఒక ప్రత్యేకమైన గుర్తు పెట్టించాను. స్టేటస్ అంటే సరుకు ఏ స్థితిలో ఉందో చెప్పే మాట. వీళ్ల బోర్డులో ఎర్రరంగులో 'పెరిగినయి' అని ఒక స్టేటస్ ఉంటుంది. అది నొక్కితే లెక్క తగ్గుతుంది. ఆఫీసు మీటింగ్‌లో ఒకాయన దాన్ని చూసి ఇది తప్పుపడినట్టుంది, పెరగడం ఎర్రగా ఎందుకుంది అన్నాడు. కార్తీక్ నాకంటే ముందు లేచాడు. "సార్, మీరు మీ ఇంట్లో అడగండి" అన్నాడు.

ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కొత్త యాప్ చేతికిచ్చినప్పుడు జనం ఎన్నిసార్లు నొక్కారు, ఎక్కడ ఆగారు, ఏది వదిలేశారు అని లెక్కపెట్టడం నేర్చుకున్నాను. సరోజమ్మ వల్ల ఇంకో సంగతి తెలిసింది. మనుషులు సమాచారం ఒక్కటే పంపరు. చెడ్డ కబురైనా ఎదుటివాడి మనసు నొవ్వకుండా ఒక మెత్తటి గుడ్డలో చుట్టి పంపుతారు. మేం ఆ గుడ్డ ఊడదీసి, లోపలున్నది తలకిందులు చేసి, కింద వాళ్ల పేరు రాసి పెట్టాం. అప్పటి నుంచి ఏ దుకాణానికి వెళ్లినా, బటన్లు చూపించే ముందు ఒక పూట ఊరికే కూర్చుని వాళ్లు మాట్లాడుకునేది వింటున్నాను. చెడ్డ కబురు ఇక్కడ ఎలా చెప్పుకుంటారు అని అడుగుతున్నాను. కొందరు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

తాళాలు తీసుకున్న మర్నాడు సరోజమ్మ ఎప్పటిలాగే గోదాం తెరిచింది. సాయంత్రం నేను ఫలక్‌నుమా రైల్లో ఇంటికి వస్తుంటే ఫోన్‌లో ఎర్ర చుక్క పడింది. విన్నాను.

"సరోజను మాట్లాడుతున్న. తాళమేసిన. పోయొస్త."

అప్పటికి కార్తీక్ మార్పులు ఇంకా రాలేదు. యాప్ ఆ మాటను కూడా తన పద్ధతిలో అర్థం చేసుకుని బోర్డు మీద కొత్త పనిగా ఎక్కించింది. 'సరోజ: వెళ్లి తిరిగి రావాలి. తేదీ: ఇవ్వలేదు.'

దీన్ని కూడా సరిచేయాలా మేడమ్ అని కార్తీక్ మెసేజ్ పెట్టాడు. వద్దన్నాను. ఈ ఒక్కటి అది సరిగ్గానే విన్నది.